గోటి మీద జారని ఉలి

మా అమ్మకు రెండు వెండి కడియాలు వున్నాయి. చేతులు సన్నబడి జారిపోతున్నాయని పదేళ్ళ కిందట తీసి బీరువాలో దాచింది. వాటి చుట్టూ ఒక తీగ, తీగకు ఆకులు, ఆకుల నడుమ అక్కడక్కడ మొగ్గలు చెక్కి వుండేవి. నలభై యేళ్ళ పాటు బావిలో నీళ్ళు తోడి, అంట్లు తోమి, పిండి రుబ్బి, ముగ్గురు పిల్లలకు తలంట్లు పోసి ఆ తీగను అమ్మే అరగదీసింది. ఇప్పుడు కిటికీ దగ్గర వెలుతురుకు వాల్చి చూస్తే తప్ప అది తీగో, వట్టి గీతలో పోల్చుకోలేము.

మా అక్కయ్య కూతురు రాయదుర్గం దగ్గర ఒక అద్దాల మేడలో, పదకొండో అంతస్తున కూర్చుని, ఎక్కడో అమెరికాలో వున్న బాంకు కోసం ప్రోగ్రాములు రాస్తూ వుంటుంది. రాబోయే మాఘమాసంలో దాని పెళ్ళి. "అమ్మమ్మ కడియాలు నాకిస్తే చాలు, ఇంకేమీ వద్దు" అన్నది. (ఆ రెండో సగం మా అక్కయ్య వినిపించుకోలేదనుకోండి.) కడియాలు పుచ్చుకుని ఒక పెద్ద నగల దుకాణానికి వెళితే, అక్కడి కుర్రవాడు వాటిని కాటాలో వేసి, "కరిగించి తరుగు పోను కొత్త మోడలు ఇస్తాము మేడం" అన్నాడు. ఇంకొకచోట, లేజరు మిషను మీద పెడితే ఏ బొమ్మ కావలిస్తే ఆ బొమ్మ పది నిమిషాల్లో దిగుతుందన్నారు. పిల్ల రెండింటికీ ఒప్పుకోలేదు. తీగ పోయింది చేతులతో గనుక, మళ్ళీ రావడం కూడా చేతులతోనే రావాలని దాని పట్టు. మా అమ్మ అంతా విని, "అంత సరదాగా వుంటే నువ్వే చెక్కుకోవే" అన్నది. హాస్యానికే అన్నది. పిల్ల హాస్యంగా తీసుకోలేదు.

పది రోజులకు పోస్టులో ఒక పెట్టె వచ్చింది. అందులో ఆరు ఉలులు. ఉలి అంటే వడ్రంగి ఉలి వంటిదో, రాళ్ళు కొట్టే ఉలి వంటిదో కాదు. నాలుగైదు అంగుళాల పొడుగున, సన్నని ఉక్కుపుల్లలు. పుట్టగొడుగు ఆకారంలో చెక్కపిడులు విడిగా వున్నాయి. ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చి, రాగిరేకు మీద ఒక ఉలిని ఆనించి నొక్కింది. అది దిగలేదు, గాజు మీద చీమలాగా జారిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్లుంది అన్నాను. సామెత చెప్పే అవకాశం వస్తే వదులుకునే రకం కాదు మేము. తీరా విచారిస్తే, ఈసారి మద్దెల నిజంగానే ఓడు!

నేను తెలుగులో ఎం.ఏ. చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నగిషీ అనే మాట అరబ్బీలోని 'నక్ష్' నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మన ఇంటికి వచ్చిందని చెప్పి, బోర్డు మీద రాసి, గంట కొట్టగానే హాయిగా బయటికి రాగలను. నగిషీ చెక్కే ఉలిని ఏ వైపు పట్టుకోవాలో మాత్రం నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరా అని ఆలోచిస్తే శిల్పారామం జ్ఞాపకం వచ్చింది.

మాదాపూరులో శిల్పారామం 1992లో వెలిసింది. దానికి ఎదురుగా సైబర్ టవర్స్ 1998లో లేచింది. అంటే ఈ చోట చేతిపని ముందు వచ్చి కూర్చున్నది, కంప్యూటరు తరువాత వచ్చింది. ఈ సంగతి అటు వెళ్ళే కార్లలో వున్నవాళ్ళకు చెబితే నమ్మరు. అంతకు ముందు ఇదంతా రాతిగుట్టలే. బండలు కొట్టే వడ్డెరలు సాయంత్రం పూట చిన్న కొలిమి రాజేసి, ఆ రోజు మొద్దుబారిన ఉలులను కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి పదును పెట్టుకోవడం గుట్టలున్న ప్రతి ఊళ్ళోనూ కనిపించిన దృశ్యమే. రేపటి కూలి ఈ సాయంత్రపు కొలిమిలో వుండేది వాళ్ళకు.

శిల్పారామంలో ఆ వేళ బిద్రీ పని అంగడి ఒకటి వుంది. బీదరు 1956 దాకా మన హైదరాబాదు రాష్ట్రంలోదే. రాష్ట్రాలు పంచుకున్నప్పుడు అటు మైసూరుకు పోయింది గాని, ఆ పని ఇక్కడివాళ్ళకు పరాయిది కాలేదు. జింకు 16 పాళ్ళు, రాగి ఒక పాలు చొప్పున కలిపి పోతపోస్తారు. మైలుతుత్తం నీళ్ళు పూసి తాత్కాలికంగా నల్లబరచి, ఆ నలుపు మీద ముందు గీతలు గీసి, తరువాత ఉలితో గాడి తీసి, గాడిలో వెండితీగె దించి కొడతారు. చివరకు బీదరు కోటలోని మట్టి, నవాసాగరం కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. అంగట్లో వున్న పెద్దమనిషి మా పిల్ల పెట్టె తెరిచి, ఉలులను ఒక్కొక్కటే కిటికీ వైపు తిప్పి చూసి నవ్వాడు.

"వీటికి ఇంకా ముఖం రాలేదు సాబ్" అన్నాడు.

కొత్త ఉలి కొనుక్కు రాగానే పనికిరాదట. దుకాణంలో అమ్మేది ఉక్కుపుల్ల మాత్రమే. దాన్ని ఉలిగా చేసుకోవలసింది కొన్నవాడే. ఆ ముఖం తీర్చడం, పొడుగు తగ్గించడం, పిడి తొడగడం, మడమ పెట్టడం, ఇవన్నీ అయిన తరువాతనే అది ఉలి. ఇంత చెప్పి, ఆయన తన సంగతి కూడా దాచకుండా చెప్పాడు: "నేను సుత్తితో కొట్టి గాడి తీస్తాను. గాడిలో పెట్టేది వెండి. వెండి నాకు చుట్టం. మీకు కావలసింది వెండితో కాపురం చేసేవాడు."

అట్లాంటి ఆయన కొండాపూరులో పాతవూరి సందులో దొరికాడు. ఒకవైపు ఆడపిల్లల హాస్టలు, ఒకవైపు టిఫిన్ సెంటరు. నడుమ ఇద్దరు కూర్చుంటే నిండిపోయే కొట్టు. హాస్టలు పిల్లల పట్టీలకు గజ్జెలు అతకడం, మెట్టెలు వదులు చేయడం ఆయనకు ఇప్పుడు రోజువారీ పని. డెబ్బై దాటిన వయస్సు. ఆచారిగారు కడియాలు చేతిలోకి తీసుకుని, చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఇది మంచి చెయ్యి సారూ" అన్నాడు. ఎవరి చెయ్యి అని నేను అడగలేదు. చెక్కినవాడి చేతిని గురించే అని వుంటాడు.

నాలుగు ఆదివారాలు మేమిద్దరం ఆ కొట్టు మెట్ల మీద కూర్చున్నాం. నేను కేవలం తోడు వెళ్ళినవాణ్ణి. అయినా విన్నది వదిలిపెట్టలేను గదా!

మొదటి ఆదివారం ఆరు ఉలులలో నాలుగింటిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టించాడు. మిగిలినవి రెండు: ఒకటి చదరపుది, ఒకటి చదునుది. గాడిని గుండ్రంగా తీసేవి, వెంట్రుక వంటి గీత గీసే కత్తి ఉలి, ఇవన్నీ చెయ్యి కుదిరాక. చదరపు ఉలికి అడుగున ఒక మూల వుంటుంది. దాన్ని నిటారుగా తోస్తే సన్నని గీత. పక్కకు ఒరగేస్తే గీత వెడల్పవుతుంది. ఒరపు మార్చుకుంటూ పోతే గీత సన్నంగా మొదలై, లావై, మళ్ళీ సన్నబడి ముగుస్తుంది. తీగ, ఆకు, పేరు, ఏదయినా దానితోనే అవుతుంది. చదునుది మెరుపు కోతకు. ఆకు మీద ఒక్క కోత కోస్తే అద్దపు ముక్క అతికించినట్లు మెరుస్తుంది.

పిడిని అరచేతి గుంటలో పెట్టి, వేళ్ళు ఉలి వెంట చాచి పట్టుకుంటే, బొటనవేలి కొసను దాటి ఒక అంగుళం ఉలి బయటికి రావాలి. అంతకంటె పొడుగుంటే కొస మన మాట వినదు. పిల్ల చెయ్యి చిన్నది గనుక ఉలిని వెనకనుంచి అంగుళంన్నర కోసి, పిడి తొడిగాడు. పిడికి అడుగువైపు బల్లపరుపుగా చెక్కాడు. లేకపోతే పిడి రేకుకు తగిలి ఉలి వాలడానికి చోటుండదు. చూశారా, చెప్పుల కొలత తీసుకుంటాము గాని, ఉలికి కొలత వుంటుందని ఎవరికి తోస్తుంది!

ఉక్కు విషయం త్వరగా తేల్చాడు. మామూలు కార్బన్ ఉక్కు రాయి మీద సులువుగా పదునెక్కుతుంది. కాని మిషను చక్రానికి పెట్టి వేడెక్కనిస్తే కొస నీలంగా మారుతుంది. నీలం కనబడిందంటే పదును చచ్చిందన్నమాటే, ఆ మేర అరగదీసి పారేయవలసిందే. అందుకని చక్రం తిప్పినా మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి. హైస్పీడ్ ఉక్కు వేడికి ఓర్చుకుంటుంది గాని నూరడానికి ఓపిక కావాలి. కార్బైడు మరీ గట్టిది. గట్టిదానికి వుండే జబ్బే దానికీ వుంది, పెళుసు. చిన్న దెబ్బకు కొస ఎగిరిపోతుంది. వెండికి కార్బన్ ఉక్కు చాలునన్నాడు.

మిగిలిన మూడు ఆదివారాలూ నూరడమే. వెండి జోలికి పోనివ్వలేదు. మా పిల్లకు విసుగు వచ్చింది. నాకు వచ్చిన విసుగు చెప్పనక్కరలేదు.

"ఎప్పుడు చెక్కుడు నేర్పిస్తారు ఆచారిగారూ?" అని అడిగింది.

"గిదే చెక్కుడు బిడ్డా. వెండి మీద నువ్వు చేసేది దీని నీడ" అన్నాడు.

ముఖం 45 డిగ్రీల వాలున వుండాలి. ఆయన డిగ్రీలనలేదు, ఒక కాగితాన్ని మూలకు మూల మడిచి చూపించాడు. వాలు ఎక్కువై ముఖం పల్చబడితే ఉలి వెన్నలోకి దిగినట్లు దిగుతుంది, కాని కొస విరుగుతుంది. ముఖం మరీ నిలువైతే కొస గట్టిది, కాని తోయడానికి భుజబలం కావాలి. భుజబలం వచ్చిన చోట ఉలి జారడం కూడా వస్తుంది. ఇక అడుగున రెండు పక్కలా సన్నని పట్టీల్లాగా ఇంకొక వాలు పెట్టాలి, 15 డిగ్రీలకు అటూ ఇటూగా. అదే మడమ. మడమ లేని ఉలి తలవంచి వెండిలోకి తవ్వుకుపోతుంది, పైకి రాదు. మడమ వుంటే పిడిని కాస్త దించగానే కొస లేస్తుంది. అయితే మడమ పొడుగైతే ఇంకొక తంటా. తీగ వంపు తిరిగే చోట కొస ముందుకు వెళ్ళిపోతుంది, వెనక మడమ వంపు బయటి గోడను నలుపుతూ పోతుంది. అందుకని ఆకులకూ తీగలకూ మడమ మినపగింజ కంటె చిన్నదిగా పెట్టుకోవాలి.

రాయి మీద నూనె రెండు చుక్కలు. మొదట గరుకురాయి, తరువాత నున్నరాయి, ఆ తరువాత తోలుముక్క మీద మెరుగుపొడి. ముంజేయి బిగబట్టి మోచేతినుంచి కదలాలి. మణికట్టు ఊగితే ముఖం గుండ్రమై పోతుంది. "నువ్వు ఊగితే ఉలి ఊగుతది" అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో! రాయి నడుమనే నూరుతూ వుంటే అక్కడ గుంటపడుతుంది. గుంటరాయి మీద బల్లపరుపు ముఖం బ్రహ్మకు కూడా రాదు. కనుక రాయి అంతటా తిప్పాలి. మా పిల్ల ఫోనులో కోణం కొలిచే ఏర్పాటేదో పెట్టుకుని వచ్చింది. ఆయన దాన్ని తప్పు పట్టలేదు. ఒకసారి కొలుచుకుని, తరువాత కళ్ళు మూసుకుని ముఖాన్ని రాయి మీద ఆనించి చూడమన్నాడు. చదునుగా ఆనితే వేళ్ళకు తెలుస్తుందట. మూడో ఆదివారానికి దానికి తెలిసింది. నాకు ఇవాళ్టికీ తెలియలేదు.

తోలు మీద మెరుగు పెట్టడం సోకు కాదు. ఉలి అడుగున ఎంత అద్దముంటే వెండిలో గాడి అంత మెరుస్తుంది. ఉలి మీద సన్నని గీత వుంటే ఆ గీత గాడి పొడుగునా అచ్చు పడుతుంది. పాత నగలు ఎన్నాళ్ళయినా లోపలినుంచి తళుక్కుమనడానికి కారణం ఇదేనన్నాడు.

పదును వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు. కొసను వెలుతురుకు పెట్టి భూతద్దంలో చూస్తే మొద్దుకొస తెల్లటి చుక్కలాగా మెరుస్తుంది. పదునైన కొసకు మెరిసేందుకు చోటే వుండదు, కనుక కనబడదు. రెండవది, ఉలి బరువు మాత్రమే వేసి బొటనవేలి గోటి మీద వాల్చి మెల్లగా కదపడం. జారిందా, మళ్ళీ రాయి మీదికి. గోరు పట్టుకుందా, పనికి కూర్చోవచ్చు. ఆచారిగారి ఎడమ బొటనగోరు నిండా సన్నని చుక్కలు, ఆవాలు చల్లినట్లు.

నా చదువు నన్ను ఊరకుండనివ్వదు. తాటాకు మీద గంటంతో రాయడం కూడా ఇట్లాంటిదేనా అని అడిగాను. కాదన్నాడు. ఆలోచిస్తే నిజమే. గంటం ఆకును గీరుతుంది, ఆ గీరులో మసి పూస్తే అక్షరం కనబడుతుంది. ఉలి అట్లా కాదు. లోహాన్ని సన్నని చుట్టగా పైకి లేపి తీసివేస్తుంది. తీసివేసింది మళ్ళీ రాదు. తాళ్ళపాక వారి సంకీర్తనలు రెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలో దాచారు. 1922లో అవి పండితుల చూపున పడ్డాయి. ఏటా ఆ పాటలు పాఠం చెబుతూనే వున్నాను. ఒక రేకు పూర్తయ్యేటప్పటికి ఉలి ఎన్నిసార్లు రాయి దగ్గరికి వెళ్ళి వుంటుందో అని ఇన్నేళ్ళలో ఒక్కసారి తోచలేదు. రాగి వెండి కంటె పట్టుగా వుంటుంది. లెక్క వేసుకోండి.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చెప్పకుండా దాటవేద్దామనుకున్నాను గాని, ఇంట్లో అందరికీ తెలిసినదాన్ని మీ దగ్గర దాచడమెందుకు?

ఐదో వారం ఆచారిగారు ఒక కడియాన్ని లక్కకు ఎక్కించాడు. ఇటుకపొడి కలిపిన లక్కను వేడిచేసి కర్రకు పట్టించి, కడియాన్ని అందులో కూర్చి చల్లార్చితే కదలకుండా బిగుసుకుంటుంది. పాత గీతల మీద పిల్ల మూడు ఆకులు కోసింది. ఉలి పట్టిన చెయ్యి నిలకడగా వుంచి, ఎడమచేత్తో కర్రను తిప్పుతూ కోయాలి. వంపు తిరిగేది కడియం, ఉలి కాదు. మూడు ఆకులు కోసేసరికి మూడుసార్లు నూరింది. రాత్రి ఆ కర్ర, ఉలులు మా ఇంట్లో వుంచి తన గదికి వెళ్ళింది.

నాకు నిద్ర పట్టలేదు. నాలుగు వారాలు విన్నాను గదా, ఒక్క ఆకు కోసి పొద్దున చూపిస్తే ఎంత ఆశ్చర్యపోతారో అని ఊహ. ఉలి గోటి మీద వాల్చి చూశాను. కాస్త జారింది. రాత్రి పదకొండు గంటలకు రాయి, నూనె ఎవరు తీస్తారు? కొద్దిగా గట్టిగా నొక్కితే సరిపోతుందనుకున్నాను. నొక్కాను. ఉలి దిగలేదు. ఇంకా నొక్కాను. ఒక్కసారిగా వదిలి, మూడు ఆకులకూ పక్కనుంచి, తీగకు అడ్డంగా, ముప్పాతిక అంగుళం మేర జర్రున పోయి, నా ఎడమ బొటనవేట్లో ఆగింది. వేలు నాలుగు రోజుల్లో మానింది. కడియం సంగతి వేరు.

తెల్లవారి ముందు అమ్మకు చెప్పాను. నలభై యేడేళ్ళవాణ్ణి, కాలేజీలో అరవై మందిని నోరు మూయించేవాణ్ణి, అమ్మ ముందు చెయ్యి వెనక పెట్టుకుని నిలబడ్డాను. అమ్మ కడియం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. "నీ చెయ్యేదీ?" అన్నది. కట్టు విప్పి చూసి, పసుపు అద్దింది. కడియం గురించి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

పిల్ల మాత్రం ఏడ్చింది. ఆచారిగారు గీతను భూతద్దంలో చూసి, "మొద్దు ఉలి" అన్నాడు. నా వైపు చూడలేదు. పదునున్న ఉలికి బలం అక్కరలేదు గనుక అది జారదట. జారినా వేలి వెడల్పున ఆగిపోతుంది. మనుషులు పదునుకు భయపడి మొద్దును నమ్ముతారు, గాయాలన్నీ మొద్దువే అన్నాడు. మెరుగుపుల్లతో పక్కల వెండిని లోపలికి ఒత్తి ఒత్తి గీతను చాలామటుకు పూడ్చాడు. నడుమ లోతుగా దిగినచోట మాత్రం పూడలేదు. అక్కడ ఆకరాయి వేస్తే కడియం పల్చబడుతుందని, తీగనుంచి ఒక కొత్త రెమ్మ తీసి ఆ గీతనే ఈనె చేసుకుని ఆకు కోయమన్నాడు. పిల్ల ఆ పూట ఉలిని రాయి మీద పెట్టి దాదాపు గంట నూరింది. తరువాత నాలుగు నిమిషాల్లో ఆకు కోసింది.

మొదటి కడియం దసరాకు పూర్తయింది. ఆకులు ఇరవై వుండవలసినచోట ఇరవై ఒకటి వున్నాయి. ఎక్కువైనది మిగిలిన వాటికంటె కాస్త పొడుగు. అమ్మ దాన్ని ఒకనాటి సాయంత్రం చేతికి వేసుకుని, జారకుండా ముంజేతి పైకి తోసుకుని, ఆ ఒక్క ఆకునే వేలితో తడుముతూ కూర్చున్నది. రెండో కడియాన్ని కూడా చెక్కనా అమ్మమ్మా అని పిల్ల అడిగితే, ఇంకా ఏమీ తేల్చలేదు. "అరిగింది ఒకటి వుండనీవే, చూద్దాం" అంటుంది ఒకనాడు. "జోడు కాకపోతే పెళ్ళిలో ఏం బాగుంటుంది" అంటుంది మరునాడు.

పిల్ల ఇప్పుడు ప్రతి ఆదివారం వచ్చి, మా వంటింటి గట్టు మీద నూనెరాయి పెట్టుకుని, రెండు ఉలులూ నూరి, గోటి మీద చూసుకుని, గుడ్డలో చుట్టి పెట్టి వెళుతోంది. ఉలుల మూట ఏ అరలో వున్నదో నాకు చెప్పడం మానేసింది.